వచ్చే బ్యాచ్ నుంచి భిన్నాల దగ్గరే మొదలు

అందరికీ నమస్కారం. ఇప్పుడు మన క్లాసుల్లో ఉన్నవాళ్లకీ, వచ్చే బ్యాచ్‌కి పేరిచ్చినవాళ్లకీ కలిపి రాస్తున్నాను. ఉద్యోగం, పిల్లలు, ఇంటి బాధ్యతల మధ్య చదువు ఆగిపోయి, ఏళ్ల తర్వాత మళ్లీ కాలేజీలో చేరినవాళ్లకి లెక్కలు మొదట్నుంచి చెప్పడం, చదివింది గుర్తుండేలా ఎలా చదవాలో చెప్పడం, మన పని ఇంతే. ఈ పనిలో కొన్ని మార్పులు చేస్తున్నాను. అంకగణితానికి ఇచ్చే సమయం రెట్టింపవుతుంది, బీజగణితం ఆ తర్వాతే. ప్రతి క్లాసు రికార్డింగూ అందరికీ పంపడం ఆపేస్తున్నాం. నెల రోజుల్లో సిలబస్ అంతా ముగించే క్రాష్ కోర్సు ఇక ఉండదు.

ఈ సంగతి కొందరికి ముందే చెబితే, "డిగ్రీలో చేరినవాళ్లం, మళ్లీ ఐదో తరగతి లెక్కలు చేయిస్తారా?" అని అడిగారు. అడగాల్సిన మాటే. ఫీజు కట్టేది మీరు, రోజంతా పనిచేసి అలసిపోయి వచ్చి పుస్తకం ముందు కూర్చునేదీ మీరే. అందుకని కారణం వివరంగానే చెబుతాను.

మొదటి సెమిస్టర్ మ్యాథ్స్ తప్పినవాళ్లు జవాబు పత్రాలు తెచ్చి చూపిస్తుంటారు. సమీకరణం ఎలా సాధించాలో అస్సలు తెలియక ఆగిపోయినవి వాటిలో తక్కువ. లెక్క సరిగ్గానే మొదలవుతుంది, రెండు లైన్లు బాగానే నడుస్తుంది, మూడో లైన్లో ఒక భిన్నం వస్తుంది, అంతే, అక్కడ దారి తప్పుతుంది. 1/2 + 1/3 కనపడగానే పైవి పైవాటితో, కిందవి కిందవాటితో కూడేసి 2/5 అని రాస్తారు. తర్వాత పేజీ అంతా ఎంత పద్ధతిగా చేసినా జవాబు తప్పే వస్తుంది, చూసుకున్నవాళ్లకేమో "నాకు బీజగణితం రాదు" అనిపిస్తుంది. బీజగణితం వచ్చు. రానిది భిన్నం.

ఆ 2/5ని ఒక్క నిమిషం చూడండి. సగానికి ఇంకొంత కలిపాం. వచ్చింది సగం కన్నా తక్కువ! 5లో సగం రెండున్నర కదా, మన దగ్గర ఉన్నది రెండే. ఏదైనా కలిపితే పెరగాలి గానీ తగ్గడమేంటి? ఈ ప్రశ్న తనకు తానే వేసుకోవడం అలవాటైన మనిషికి రూలు మర్చిపోయినా తప్పు కంట్లో పడుతుంది. నేను ముందు నేర్పాలనుకుంటున్నది ఆ చూపు. హారాలు సమానం చేయాలి, 2కీ 3కీ క.సా.గు. (రెండింటితోనూ శేషం లేకుండా భాగించగలిగే అతి చిన్న సంఖ్య) 6, కాబట్టి 3/6 + 2/6 = 5/6 అనేది దాని వెనక వస్తుంది, వచ్చినప్పుడు అర్థమయ్యే వస్తుంది.

ఇది మీ ఒక్కరి ఇబ్బంది కాదు. 1978లో అమెరికాలో జాతీయ స్థాయిలో జరిగిన ఒక పరీక్షలో 13 ఏళ్ల పిల్లల్ని 12/13 + 7/8 దాదాపు ఎంత అని అడిగారు. లెక్క చేయనక్కర్లేదు, 1, 2, 19, 21లో ఒకటి ఎంచుకుంటే చాలు. 12/13 అంటే ఇంచుమించు ఒకటి, 7/8 కూడా ఇంచుమించు ఒకటే, కాబట్టి 2. సరిగ్గా చెప్పినవాళ్లు 24 శాతం. 19 గానీ 21 గానీ ఎంచుకున్నవాళ్లు సగానికి పైనే. లవాలు రెండూ కూడితే 19, హారాలు రెండూ కూడితే 21. భిన్నాన్ని ఒక సంఖ్యగా చూడకుండా, పైనొకటి కిందొకటి రాసిన రెండు విడి సంఖ్యలుగా చూస్తే జరిగేది ఇదే. బడిలో ఎవరూ సరిచేయకపోతే ఆ చూపు అలాగే పెద్దయ్యేదాకా వెంట వస్తుంది.

ఎక్కాల సంగతి కూడా చెప్పాలి, దీని మీద మొహమాటపడేవాళ్లు చాలామంది. మనసు ఒక్కసారికి పట్టుకోగలిగేవి కొన్నే. పెద్ద లెక్క మధ్యలో 7×8 ఎంతో వెతుక్కుంటూ కూర్చుంటే, అది దొరికే లోపు అసలు ఏం చేస్తున్నామో జారిపోతుంది. అందుకని ఎక్కాలు మళ్లీ చదవాలి, కానీ చిన్నప్పటిలా పాట పాడినట్టు కాదు. 7×8 తట్టకపోతే 7×7 49 అని తెలుసు కాబట్టి ఇంకో 7 కలిపితే 56. 6×9 రాకపోతే 6×10లోంచి 6 తీసేస్తే 54. ఇలా తెలిసినదాని నుంచి తెలియనిదానికి నాలుగైదు సార్లు నడిస్తే ఆ తర్వాత నేరుగానే గుర్తొస్తుంది.

క్యాలిక్యులేటర్ వాడొచ్చా అని ప్రతి బ్యాచ్‌లోనూ అడుగుతారు. వాడొచ్చు. ఒకటే షరతు, బటన్లు నొక్కేముందు జవాబు దాదాపు ఎంత ఉండాలో కాగితం మీద రాయాలి. 48×21 అంటే ఇంచుమించు 50×20, అంటే వెయ్యి దగ్గర. స్క్రీన్ మీద 1008 వస్తే సరే. 10,080 వచ్చిందంటే 21కి బదులు 210 నొక్కి ఉంటాం. అంచనా లేకుండా నొక్కినవాళ్లకి ఆ రెండు జవాబులూ ఒకేలా కనిపిస్తాయి, క్యాలిక్యులేటర్ చెప్పింది కదా అని దించేస్తారు. శాతాల్లో అయితే ఈ అంచనా మరీ ముఖ్యం. 100 మీద 20 శాతం పెరిగి, మళ్లీ 20 శాతం తగ్గితే 100కి రాదు, 96కి వస్తుంది, ఎందుకంటే రెండోసారి 20 శాతం తీసింది 120లోంచి.

సమాన గుర్తు గురించి ఒక పూర్తి క్లాసు పెడుతున్నాను. చిన్న విషయం కాదు. 8 + 4 = ఖాళీ + 5 అని రాసి ఇస్తే, ఖాళీలో 12 రాసేవాళ్లు చాలామంది ఉంటారు. సరైన జవాబు 7. "=" అంటే "ఇప్పుడు జవాబు రాయి" అని కాదు, అటూ ఇటూ ఉన్నవి సమానం అని. త్రాసులో ఒక పళ్లెంలోంచి ఏది తీస్తే రెండో పళ్లెంలోంచీ అంతే తీయాలి. ఈ ఒక్క ముక్క కుదిరితే "అటువైపు వెళ్తే ప్లస్ మైనస్ అవుతుంది" అని బట్టీ పట్టాల్సిన అవసరమే రాదు. ఆ రూలు ఎక్కడి నుంచి వచ్చిందో మీకే కనిపిస్తుంది.

రుణ సంఖ్యల దగ్గర తికమకపడితే కంగారు పడకండి. 628లోనే మన దేశపు గణితజ్ఞుడు బ్రహ్మగుప్తుడు సొమ్ము, అప్పు అనే మాటల్లో వాటి నియమాలు రాశాడు, అయినా 18వ శతాబ్దంలో కూడా యూరప్‌లో కొందరు గణితజ్ఞులు అలాంటి సంఖ్యలు ఉంటాయని ఒప్పుకోలేదు. మనం కూడా అప్పు, సొమ్ముతోనే మొదలుపెడతాం.

ఇక రికార్డింగులు. ఎక్కువ అభ్యంతరాలు దీని మీదే వచ్చాయి, అర్థం చేసుకోగలను. క్లాసుకి రాలేనివాళ్లకి ఆ వారం రికార్డింగ్ తప్పకుండా పంపుతాం, ఆరోగ్యం బాగోకపోయినా, డ్యూటీ మారినా ఒక్క మెసేజ్ చాలు. ఆపుతున్నది, వచ్చినవాళ్లకి కూడా మళ్లీ మళ్లీ చూసుకోవడానికి పంపడం. వేరేవాళ్లు లెక్క చేస్తుంటే చూడటం హాయిగా ఉంటుంది, అంతా అర్థమైనట్టే అనిపిస్తుంది, పరీక్షలో తెల్ల కాగితం ముందు కూర్చుంటే మొదటి లైను కూడా రాదు. 2006లో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు కాలేజీ విద్యార్థుల మీద ఇదే పరీక్షించారు. ఒక పాఠాన్ని కొందరు రెండోసారి చదివారు, మిగతావాళ్లు పుస్తకం మూసి గుర్తున్నది రాశారు. ఐదు నిమిషాల తర్వాత చూస్తే మళ్లీ చదివినవాళ్లే కాస్త ముందున్నారు. వారం తర్వాత వాళ్లకి గుర్తున్నది 42 శాతం, మూసి రాసినవాళ్లకి 56 శాతం. మీ పరీక్ష ఐదు నిమిషాల తర్వాత ఉండదు కదా.

అందుకని ఇకమీదట ప్రతి క్లాసు మొదటి పది నిమిషాలూ ఖాళీ కాగితమే. నోటు మూసి, పోయిన క్లాసులో చేసింది గుర్తున్నంత రాయాలి, ఒక లెక్క మొత్తం సొంతంగా చేయాలి. మార్కులు ఉండవు, ఎవరికీ చూపించక్కర్లేదు. తర్వాత నోటు తెరిచి, రానిదేంటో చూసుకోవాలి. అదే లెక్క రెండు రోజుల తర్వాత ఒకసారి, వారం తర్వాత ఒకసారి, నెల తర్వాత ఇంకోసారి వేరే అంకెలతో మీకు వస్తుంది. హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అనే జర్మన్ పండితుడు అర్థం లేని అక్షరాల గుంపులు తానే బట్టీ పట్టి, ఎంత సేపటికి ఎంత మర్చిపోతున్నాడో కొలిచి 1885లో ప్రచురించాడు. మర్చిపోవడం మొదట్లో చాలా వేగంగా ఉంటుంది, తర్వాత నెమ్మదిస్తుంది. కాబట్టి రెండు రోజులకే మర్చిపోతున్నానంటే వయసైపోయిందని కాదు, ఎవరికైనా అంతే. చేయాల్సింది సరిగ్గా ఆ సమయానికి ఇంకోసారి గుర్తుచేసుకోవడం.

హోంవర్క్ కూడా మారుతోంది, దీనికి మాత్రం ముందే సిద్ధంగా ఉండండి. ఇదివరకు పది కూడికలు, తర్వాత పది గుణకారాలు ఉండేవి. ఇప్పుడు అన్నీ కలిపే ఇస్తాం, పక్కపక్క లెక్కలు ఒకే రకంగా ఉండవు. 2007లో రోరర్, టేలర్ అనే ఇద్దరు పరిశోధకులు కాలేజీ విద్యార్థులకి ఘనపరిమాణం లెక్కలిచ్చి చూస్తే, ఒక్కో రకం విడిగా చేసినవాళ్లకి ప్రాక్టీసులో 89 శాతం, కలిపి చేసినవాళ్లకి 60 శాతం వచ్చాయి. వారం తర్వాత పరీక్ష పెడితే విడిగా చేసినవాళ్లు 20కి పడిపోయారు, కలిపి చేసినవాళ్లు 63 దగ్గరున్నారు. పరీక్షలో పైన "ఇవి భిన్నాల గుణకారాలు" అని రాసి ఉండదు, ఏ పద్ధతి వాడాలో తేల్చుకోవడమే సగం పని, ఆ సగం పని విడివిడి హోంవర్క్‌లో మనం ఎప్పుడూ చేయం. మొదటి రెండు మూడు వారాలు మీ హోంవర్క్‌లో తప్పులు పెరుగుతాయి. పెరిగితే టెన్షన్ పడి మానేయకండి, నాకు చెప్పండి.

పుస్తకం నిండా రంగు పెన్నుతో గీతలు గీసుకునే అలవాటు గురించి కూడా ఒక మాట. 2013లో డన్‌లోస్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం పది చదువు పద్ధతుల మీద అప్పటిదాకా వచ్చిన పరిశోధనల్ని పరిశీలించి, గీతలు గీయడం, మళ్లీ చదవడం తక్కువ ఉపయోగమనీ, తనను తాను పరీక్షించుకోవడం, రోజుల మీద విడగొట్టి చదవడం బాగా పనికొస్తాయనీ తేల్చింది. ఆదివారం ఒకేసారి మూడు గంటలు కూర్చునే బదులు రోజూ ఇరవై నిమిషాలు చాలు. ఉద్యోగం చేసేవాళ్లకి దొరికేది కూడా ఆ ఇరవై నిమిషాలే.

లెక్కలంటే భయం గురించి. ఇది మాటవరసకి అనే భయం కాదు. యాష్‌క్రాఫ్ట్, కిర్క్ అనే ఇద్దరు పరిశోధకులు 2001లో చూపించింది ఏంటంటే, లెక్కలంటే ఆందోళన ఎక్కువగా ఉన్నవాళ్లకి లెక్క చేస్తున్న సమయంలో మనసులో అంకెలు పట్టి ఉంచుకునే శక్తి తగ్గిపోతుంది, ఎందుకంటే అందులో కొంత ఆ కంగారే తినేస్తుంది. అందుకని మన క్లాసులో బోర్డు దగ్గరికి పిలవడం ఉండదు, టైం పెట్టి ఎక్కాలు అడగడం ఉండదు. ఎవరి కాగితం వాళ్లదే. అయితే కొంతమందికి అంకెల విషయంలో పుట్టుకతోనే ఉండే ఇబ్బంది, డిస్‌కాల్‌క్యులియా, ఉంటుంది. అలా అనిపిస్తే నేను మీకు చెబుతాను, నిపుణుల దగ్గరికి వెళ్లమంటాను. నా క్లాసు దానికి చాలదు. కాలేజీలో కూడా అడగండి, చాలా చోట్ల అలాంటివాళ్లకి పరీక్షలో అదనపు సమయం ఇస్తారు.

క్రాష్ కోర్సు తీసేయడం వల్ల ఆదాయం తగ్గుతుంది. మెసేజ్ పెట్టేవాళ్లలో ఎక్కువమంది మొదట అడిగేది దాని గురించే. అయినా వద్దనుకున్నాను. నెలలో అన్నీ చూపించి పంపిస్తే ఆ పరీక్ష ఎలాగో దాటొచ్చు, తర్వాతి సెమిస్టర్‌లో స్టాటిస్టిక్స్ వస్తుంది, అకౌంట్స్ వస్తుంది, అప్పుడు మళ్లీ అదే భిన్నం అడ్డొస్తుంది. మళ్లీ ఫీజు కట్టి మళ్లీ అదే కోర్సుకి రావాల్సిన పరిస్థితి మీకు నేను కల్పించలేను. ఇప్పటికే దానికి డబ్బు కట్టినవాళ్లకి పూర్తిగా వెనక్కిస్తాం, లేదా అదే ఫీజుతో కొత్త బ్యాచ్‌లో కూర్చోవచ్చు. పాతవాళ్ల ఫీజు మారదు. బ్యాచ్‌లు మాత్రం చిన్నవవుతాయి, అందరి కాగితాలూ నేను చూడాలంటే వేరే దారి లేదు, కాబట్టి సీట్లు తక్కువే ఉంటాయి.

వచ్చే బ్యాచ్‌లో చేరేవాళ్లకి ముందుగా ఒక షీట్ పంపుతాను. అందులో స్థాన విలువ, భాగహారం, భిన్నాలు, దశాంశాలు, శాతాలు, రుణ సంఖ్యలు ఉంటాయి. చూసి రాయకండి, ఎవరినీ అడగకండి. రానిచోట ఖాళీగా వదిలేయండి, కానీ ఎక్కడిదాకా ఆలోచించారో పక్కన ఒక్క ముక్క రాయండి, "ఇక్కడ హారాలు ఏం చేయాలో తెలియలేదు" అన్నా చాలు. ఎవరికి ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో నేను తేల్చుకునేది ఆ ముక్కల్ని బట్టే. గళ్ల నోటుపుస్తకం ఒకటి, పెన్సిల్ ఒకటి తెచ్చుకోండి. ఇప్పుడున్న బ్యాచ్‌వాళ్లు ఈ వారం నుంచే ఖాళీ కాగితం పద్ధతికి మారుతున్నారు, మొదటిది భాగహారం మీద.