రాసి ఉంటే ఆవిడకి ఆ నొప్పి ఉండేది కాదే

ఏమే, ఎలా ఉన్నావ్? డీఎన్ఆర్ (గుండె ఆగితే ఛాతీ నొక్కి బతికించే ప్రయత్నం చేయొద్దన్న ఆర్డర్) ఉన్న పేషెంట్ గుండె ఆగితే చేతులు కట్టుకుని ఎలా నిలబడతావే అని అడిగావు కదా, ఫోన్లో తేలే మాట కాదని రాస్తున్నా. ఆర్డర్ రాసి ఉన్నప్పుడు నాకంత బాధ లేదే. రాయనప్పుడే నరకం.

మొన్న నైట్ డ్యూటీలో ఒక పెద్దావిడ, క్యాన్సర్ ఒళ్లంతా పాకింది. "ఇంక నన్ను కష్టపెట్టకమ్మా, పోనివ్వు" అని నాతో రెండుసార్లు అంది. ఆ మాట డాక్టర్‌కి చెప్తే, "ఏదైనా అయితే కాస్త నెమ్మదిగా కానివ్వండి" అని నోటిమాటగా చెప్పి వెళ్లిపోయారు. కేస్ షీట్‌లో ఒక్క అక్షరం లేదు, కొడుకుతో ఎవరూ మాట్లాడలేదు. రాసివ్వండి సార్ అని అప్పుడే గట్టిగా అడగాల్సింది, అడగలేదు. తెల్లవారుజామున గుండె ఆగింది. రాత లేదు కాబట్టి సీపీఆర్, అదే ఛాతీ నొక్కడం, మొదలుపెట్టాను. 5 సెంటీమీటర్ల లోతుకి, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి కదా, కాసేపటికే నా అరచేతి కింద పక్కటెముక విరిగింది. ఆ చప్పుడు ఇంకా చెవుల్లోనే ఉందే.

నెమ్మదిగా అంటే ఏంటి, బంధువుల కోసం చేసినట్టు నటించడమేగా! చేస్తే పూర్తిగా చేయాలి, వద్దంటే పేషెంట్‌ని అడిగి, ఇంట్లోవాళ్లకి చెప్పి, వద్దని రాయాలి. ఛాతీ నొక్కే ఈ పద్ధతి 1960లో వచ్చింది హఠాత్తుగా గుండె ఆగినవాళ్ల కోసం, జబ్బు ముదిరి చివరికొచ్చినవాళ్ల కోసం కాదు. సీపీఆర్ వద్దనుకుంటే ఆ సంగతి రికార్డులో రాయాలని అమెరికన్ మెడికల్ అసోసియేషన్ 1974లోనే చెప్పింది.

రాశాక ఇంకో గొడవ. డీఎన్ఆర్ అనగానే మా జూనియర్లు ఆ బెడ్ వైపు వెళ్లడం తగ్గిస్తారు, బెల్ కొట్టినా నెమ్మదిగా కదులుతారు. అందులో వద్దన్నది సీపీఆర్ ఒక్కటే. నొప్పికి మందు, పక్కకి తిప్పడం, గొంతులో కఫం తీయడం, అవసరమైతే యాంటీబయాటిక్ కూడా, ఏదీ ఆగకూడదు. నిన్న అలాంటి ఒకాయన పెదాలు ఎండి చీలిపోయి ఉన్నాయి. తడి దూదితో అద్దితే ఆ నీటి చుక్క కోసం నోరు తెరిచాడే. ఆ దూది పట్టుకుని ఒక జూనియర్‌ని పిలిచి చూపించా.

మీ వార్డులో నోటిమాట ఆర్డర్ వస్తే మీరేం చేస్తారు? నేనైతే ఇకమీదట పెన్ను చేతికిచ్చి, రాసేదాకా అక్కడే నిలబడతా. తప్పకుండా రాయి.