మంత్రి గారూ, తుత్తురబెండకి కాస్త చోటివ్వండి

మున్సిపల్ శాఖ మంత్రి గారికి నమస్కారం సార్.

మాది అనంతపురం. మా కాలనీ పార్కులో గోడ పక్కన తుత్తురబెండ చెట్లు ఒక పదిహేను దాకా ఉండేవి, ఎవరూ నాటలేదు, చుక్క నీళ్లు పోయలేదు, వాటంతట అవే మొలిచి నడుమెత్తు పెరిగినాయి. పోయిన నెల గడ్డిమందు కొట్టేసినారు, అన్నీ మాడిపోయినాయి. ఇప్పుడు అక్కడ లాన్ వేసి ట్యాంకర్‌తో నీళ్లు పడతా ఉన్నారు, పక్క వీధిలో తాగే నీళ్లకి బిందెలు వరసలో పెట్టుకునే ఊర్లో సార్ ఇది.

పిచ్చిమొక్క కదా అంటారు. ఒక్కసారి సాయంత్రం పూట దగ్గరికి పోయి చూడండి, పొద్దంతా ముడుచుకున్న మొగ్గలు ఎండ తగ్గేసరికి పసుప్పచ్చగా విచ్చుకుంటాయి. ఆకు మీద వేలు పెడితే మఖ్మల్ గుడ్డ లాగా మెత్తగా ఉంటాది, ఆ సన్నని నూగు ఉండబట్టే ఆకులో తడి తొందరగా ఆరిపోదు. కాయైతే చిన్న చక్రం, చుట్టూ పళ్లు. మా అవ్వ దువ్వెనకాయ అనేది, మేం దాన్ని సిరాలో అద్ది నోట్‌బుక్ నిండా ముద్రలు వేసేవాళ్లం. పువ్వు మధ్యలో కేసరాలన్నీ కలిసి ఒక గొట్టంలా ఉంటాయి చూడండి, అదే గొట్టం మందారంలో, బెండలో, గోంగూరలో, పత్తిలో, గంగరావిలో కూడా ఉంటాది, అన్నీ ఒకే కుటుంబం మరి. ఆయుర్వేదంలో అతిబల అనేది దీన్నే, బల అనేది దీని చుట్టం చిరుబెండని.

మా పాప అమెరికాలో ఫీనిక్స్‌లో ఉంటాది, పోయినప్పుడు రోడ్డు పక్కన ఈ చెట్టే చూసి నిలబడిపోయినా. ఇదే కాదులెండి, దీని తోబుట్టువు, అబుటిలాన్ పామెరీ అంటారు, అరిజోనా ఎడారిలో పుట్టిన మొక్క, అవే నూగు ఆకులు, పువ్వు కొంచెం నారింజ కలిసిన పసుపు. సగటున ఏడాదికి 200 మిల్లీమీటర్లు కూడా వాన పడని ఊర్లో దాన్ని నర్సరీలో డబ్బులిచ్చి కొని మరీ నాటుకుంటున్నారు. మన ఉమ్మడి జిల్లాకి 550 దాకా పడతాది, మనమేమో ఊరికే మొలిచినదాన్ని మందు కొట్టి చంపుతున్నాం, ఇది చూసి నాకు నిజంగా కడుపు మండింది సార్.

ఒకటి ఒప్పుకుంటా. పత్తి చేల గట్ల మీద దీన్ని ఉంచొద్దంటారు, పిండినల్లి దీని మీద బతికి పత్తికి పాకుతాది కాబట్టి, అది న్యాయమే, అక్కడ పీకాల్సిందే. నేను అడిగేది పత్తి చేలకి దూరంగా ఉన్న టౌన్ లోపలి పార్కులు, డివైడర్లు, స్కూలు గోడల పక్కన.

అక్కడ గడ్డిమందు ఆపించండి. కొత్తగా లాన్ వేసే ముందు ఒక్క పార్కులో తుత్తురబెండ, గంగరావి, మందారం పెట్టి మూడు వేసవులు చూడండి, ట్యాంకర్ బిల్లు ఎంత తగ్గిందో మీ వాళ్లే లెక్క చెప్తారు.

విత్తనాలకి టెండర్ అక్కర్లేదు, చచ్చిపోయిన చెట్ల ఎండుకాయలు ఏరి ఒక హార్లిక్స్ సీసా నిండా దాచిపెట్టినా, మనిషిని పంపితే ఇచ్చేస్తా. గింజ పొట్టు గట్టిది, తొందరగా మొలవదు, గరుకు కాగితం మీద కొంచెం రుద్ది రాత్రంతా నానబెట్టి వేయమని తోటమాలికి చెప్పండి.