సంఘ వార్షిక నివేదిక: కోపం బదులు ఆనందం

ప్రభువునందు ప్రియులైన సభ్యులందరికీ కార్యవర్గం తరఫున వందనములు. గత సర్వసభ్య సమావేశంలో మీరు ఆమోదించిన ప్రకారం, ఈ ఏడాది వాక్యపరిశీలన కూడికలకు కోపాన్ని, దాని స్థానంలో విశ్వాసి ఎన్నుకోగల ఆనందాన్ని అంశంగా తీసుకున్నాము.

అపొస్తలుడైన పౌలు ఎఫెసు సంఘానికి రాసిన లేఖ, అంటే ఎఫెసీ పత్రిక, 4వ అధ్యాయంతో మొదలుపెట్టాము. అక్కడ పౌలు కోపమే రాకూడదనలేదు. సూర్యుడు అస్తమించేవరకు అది నిలిచి ఉండకూడదన్నాడు. మార్కు సువార్త 3వ అధ్యాయంలో, ఊచచెయ్యి (ఎండిపోయిన చెయ్యి) గలవానిని స్వస్థపరచే ముందు యేసు చుట్టూ ఉన్నవారిని కోపంతో కలయజూశాడని, వారి హృదయ కాఠిన్యానికి దుఃఖపడ్డాడని ఒకే వచనంలో ఉంది. కాబట్టి అన్యాయానికి గురైనవారితో ‘నవ్వేసి మరచిపోండి’ అనడం విశ్వాసబోధ కాదని స్త్రీల కూడికలో గట్టిగా చెప్పిన మాటను కార్యవర్గం పూర్తిగా అంగీకరించింది.

అన్నిటికంటే ఎక్కువసేపు ఆగింది లూకా 15వ అధ్యాయం దగ్గర. తప్పిపోయిన కుమారుని ఉపమానంలో పొలం నుండి వస్తూ వాద్యాల, నాట్యాల సందడి విని, కోపగించుకొని లోపలికి వెళ్లనొల్లని పెద్ద కుమారుణ్ణి మనం అంతగా తలచుకోము. అతని లెక్కలో తప్పు లేదు: ఇన్నేళ్లు తండ్రిని సేవించాడు, స్నేహితులతో సంతోషపడడానికి ఒక్క మేకపిల్లనైనా పొందలేదు. లోపల, తిరిగివచ్చిన తమ్ముని కోసం విందు జరుగుతుండగా అతణ్ణి బయట నిలబెట్టింది ఆ సరైన లెక్కే. తండ్రి వచ్చి బతిమాలాడు. అతడు వెళ్లాడో లేదో సువార్త చెప్పదు. ఏళ్ల తరబడి సంఘానికి పనిచేసినవారికే ఈ భాగం గుచ్చుకుంటుంది; కార్యవర్గ సభ్యులు ఇందుకు మినహాయింపు కాదు.

క్రిస్మస్ పాటల సాధనలో ముందు వరుసలో ఎవరు నిలబడాలన్న విషయమై ఇద్దరు సోదరీల మధ్య మాటామాటా పెరిగింది. వారిలో పెద్దావిడ, తాను ఇంతసేపూ పాటల పుస్తకాన్ని తలకిందులుగా పట్టుకొని వాదిస్తున్నానని గమనించి తానే ముందుగా నవ్వేశారు. రెండవ ఆమె కూడా నవ్వు ఆపుకోలేకపోయారు, సాధన సాగింది. ఎదుటివారిని చూసి నవ్వి ఉంటే తగాదా ముదిరేదే. అబ్రాహాము భార్య శారా కూడా, ముసలితనంలో కుమారుడు పుడతాడన్న దేవుని వాగ్దానాన్ని మొదట నమ్మలేక తనలో తాను నవ్వుకొంది. ఆ కుమారుడు ఇస్సాకు పుట్టాక దేవుడే తనకు నవ్వు కలుగజేశాడని చెప్పింది.

అలిగినవారికి పొద్దుగూకేలోగా ఫోన్ చేయాలన్న తీర్మానం మాత్రం ఆశించినట్లు సాగలేదు. అలసిన వేళ మొదలైన కొన్ని సంభాషణలు పాత తగవునే తిరగదోడాయి (ఫోన్ బిల్లు సంఘానిది కాకపోవడం మన అదృష్టం). ఇకపై నేరుగా కలిసి, కలిసి ప్రార్థించి మాట్లాడుకోవాలని ప్రతిపాదిస్తున్నాము.

రోగుల పరామర్శ, ఆదివారపు బడి యథావిధిగా జరిగాయి. జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాము.

వచ్చే ఏడాది పరిశీలనకు, నీనెవె పట్టణం నాశనం కానందుకు కోపగించుకున్న యోనా ప్రవక్త గ్రంథాన్ని ఎంచుకున్నాము. అది నాలుగే అధ్యాయాలు గనుక సభ్యులందరూ మొదటి కూడికకు ముందే చదివి రావలసిందిగా కోరుతున్నాము.

ఇట్లు,
కార్యదర్శి