చాపకింద నీటిలో కుట్ర ఎక్కడిది?

సంపాదకులకు,

మొన్న ఆదివారం మీ విద్యార్థుల పేజీలో ‘ఇన్‌సిడియస్‌లీ’ అనే మాటకు ‘కుట్రపూరితంగా, మోసంతో’ అని అర్థం ఇచ్చారు. 30 ఏళ్లు ఇంగ్లిష్ పాఠాలు చెప్పినవాణ్ని, ఊరుకోలేక రాస్తున్నాను.

పూర్తిగా తప్పని అనను. లాటిన్‌లో దాని మూలం ‘ఇన్‌సిడియే’, అంటే మాటు. కానీ ఇవాళ ఆ మాట వాడాలంటే మాటు వేసిన మనిషి ఒకడు ఉండనక్కర్లేదు. నేనూ పిల్లలకు ‘మోసంగా’ అనే చెప్పేవాణ్ని, మా అమ్మ కేసు షీటు చూసేదాకా.

మాది మర్రిగూడ మండలం. అమ్మ బోరింగు నీళ్లు తాగి బతికిన మనిషి. 60 దాటేసరికి నడుము వంగదు, మెడ తిప్పాలంటే మనిషంతా తిరగాలి. హైదరాబాద్ తీసుకుపోతే డాక్టర్ “ఎప్పుడు మొదలైందమ్మా?” అని అడిగాడు. అమ్మ చాలాసేపు ఆలోచించింది. “ఏమో సారూ, ఫలానా నాడని ఏం చెప్పాలె? ఒకనాడు బిందె ఎత్తబోతే చేతగాలే” అంది. ఆయన కాగితం మీద ‘ఇన్‌సిడియస్ ఆన్‌సెట్’ అని రాశాడు. ఎప్పుడు మొదలైందో రోగికే తెలియని జబ్బన్నమాట.

అమ్మ ఎముకలను పట్టింది ఆ బోరింగు నీళ్లలోని ఫ్లోరైడ్. దానికి రంగు లేదు, వాసన లేదు. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములు దాటకూడదంటారు. దాటిన సంగతి నాలుకకేం తెలుస్తుంది? (కాచి తాగితే పోతుందనుకునేవాళ్లం. పోదు సరికదా, నీళ్లు ఆవిరైనకొద్దీ మిగిలినవాటిలో దాని శాతం పెరుగుతుంది.) పిల్లల పళ్ల మీద గార కనిపిస్తుంది గానీ, ఎముకల్లో చేరింది ఏళ్లు గడిచాకే బయటపడుతుంది. కృష్ణా నీళ్లు మా ఇంటి నల్లాలోకి వచ్చేసరికి అమ్మ లేదు.

అలాగని ‘మెల్లగా’ అని సరిపెట్టినా కుదరదు. జ్వరం మెల్లగా తగ్గుతుంది. అక్కడ ఈ మాట వేస్తే నవ్వుతారు. జరిగేది హాని కావాలి, అదీ మన కంట పడకుండా జరగాలి. మన ‘చాపకింద నీరులా’ దీనికి చాలా దగ్గర. కాకపోతే ఎన్నికలప్పుడు మీరే ‘చాపకింద నీరులా ప్రచారం’ అని మెచ్చుకోలుగా రాస్తుంటారు. ఇంగ్లిష్ మాటలో ఆ మెచ్చుకోలుకు చోటు లేదు.

మీ పేజీలోని మాటలను మా మనవరాలు కత్తిరించి నోట్‌బుక్కులో అంటించుకుంటుంది. వచ్చే ఆదివారం సవరణ వేస్తే, పాత ముక్క మీద కొత్తది అంటిస్తానంది.

– విశ్రాంత ఇంగ్లిష్ ఉపాధ్యాయుడు,
మర్రిగూడ మండలం, నల్లగొండ జిల్లా