చిన్నమ్మ పాస్‌బుక్కు

ఒరేయ్ శీనూ,

మొన్న ఫోన్లో నువ్వన్న మాట ఇంకా బుర్రలో తిరుగుతూనే ఉంది. ప్రభుత్వం చేతికి ఎంత అధికారమిస్తే మన స్వేచ్ఛ అంత పోతుందన్నావు. 1975 ఎమర్జెన్సీ సంగతి ఎత్తావు, అది కాదనను. కానీ మా చిన్నమ్మ సంగతి విను.

2006 ఫిబ్రవరి 2న మన్మోహన్ సింగ్ వచ్చి మన అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ మొదలుపెట్టారు కదా. మా ఊర్లో దాన్ని కరువు పని అనే అంటారు. అంతకుముందు చిన్నమ్మ ఆసామి వాకిట్లో నిలబడేది, ఆయన ఇచ్చిందే కూలి. చట్టం వచ్చాక, పని అడిగితే 15 రోజుల్లో చూపించాలి, లేదా భృతి ఇవ్వాలి. అప్పట్లో ఇంటికి ఏడాదికి 100 రోజులు. "ఆ కూలికి నేను రాను" అని ఆసామి మొహం మీద చెప్పగలిగింది చూడు, అది స్వేచ్ఛ కాదా? దాన్ని ఇచ్చింది ప్రభుత్వ అధికారమే.

అదే అధికారం ఆమె కూలి మింగింది కూడా. సామాజిక తనిఖీకి, అంటే పని, కూలి లెక్కలు ఊరి ముందే సరిచూడ్డానికి, కూలీల ఇళ్లలో చదువుకున్న పిల్లలే వచ్చారు. ఇల్లిల్లూ తిరిగి అడిగారు, టేపు పట్టి గుంతలు కొలిచారు. తర్వాత రచ్చకట్ట దగ్గర అందరి ముందూ మస్టరు, అదే హాజరు పట్టీ, పైకి చదివారు. చిన్నమ్మ పేరు మీద పన్నెండు రోజులు. ఆమె కొంగు నడుముకు దోపి లేచింది. పసుపు మరకల పాస్‌బుక్కు పైకెత్తి, "చేసింది పన్నెండే, చేతికొచ్చింది ఆరే. మిగతాది ఎవరు తిన్నారు?" అంది. సంతకం కూడా రాదురా ఆమెకు. కుర్చీల్లో కూర్చున్నవాళ్లు తలలు దించుకున్నారు. నాకైతే గుండె దడదడలాడింది.

రాజకీయాల్లో సమానత్వం, సామాజిక ఆర్థిక జీవితంలో అసమానత్వం ఉండబోతున్నాయని 1949 నవంబర్ 25న అంబేద్కర్ హెచ్చరించారు. ఎన్ని ఎన్నికలు చూశానో గానీ, చిన్నమ్మా ఆసామీ సమానంగా కనిపించింది నాకు ఆ రచ్చకట్ట దగ్గరే.

అందుకే ప్రభుత్వం చేతులు కట్టేయమంటే ఒప్పుకోలేను. నా టెన్షనంతా వేరే. ఇప్పుడు హాజరు ఫోన్లో, డబ్బు ఖాతాలో. కంప్యూటర్లో పేరు ఎగిరిపోతే ఎవరి ముందు లేచి నిలబడాలి? ప్రభుత్వ లెక్కలు అడిగే వీలిచ్చిన సమాచార హక్కు చట్టం 2005లో వచ్చింది, దాన్ని నీరుగారిస్తే ఇక అడిగే చోటే ఉండదు.

ఆ ఆరు రోజుల డబ్బు మూడు నెలలకు వచ్చింది. పాస్‌బుక్కు ఇప్పటికీ ట్రంకు పెట్టెలో, పట్టుచీర కింద దాచుకుంది. సంక్రాంతికి వస్తే చూపిస్తుంది. నిన్ను అడుగుతోంది కూడా.

నీ
రమణ