వండి తెచ్చిన విద్యార్థిని బల్ల వెనకాల నిలబెట్టకండి

సంపాదకులకు నమస్కారం.

క్యాంపస్‌లలో ఎక్స్ఛేంజ్ విద్యార్థులతో, అంటే వేరే దేశాల కాలేజీల నుంచి కొన్నాళ్లు చదువుకోవడానికి వచ్చే పిల్లలతో, జరిపే కల్చరల్ డిన్నర్ల ఫొటోలు పత్రికల్లో చూస్తుంటాం. జెండాలు, రంగురంగుల బట్టలు, బల్లల నిండా వంటలు, అంతా బాగుంటుంది. ఆ వంటలు ఎవరి డబ్బుతో, ఏ పొయ్యి మీద తయారయ్యాయో మాత్రం ఎవరూ అడగరు. ఇలాంటి డిన్నర్ల ఏర్పాట్లలో ఏళ్లుగా తిరుగుతున్నదాన్ని కాబట్టి ఈ మాట నేనే చెప్పాలనిపించింది.

యూరప్‌లో ఎరాస్మస్ పథకం 1987లో మొదలైనప్పుడు తొలి ఏడాది వేరే దేశానికి చదువుకోవడానికి వెళ్లినవాళ్లు 3,244 మంది. ఇప్పుడు ఏటా లక్షల మంది వెళ్తున్నారు. విందు పెట్టే పద్ధతి మాత్రం నలుగురు స్నేహితులు కలిసి తినే రోజుల్లోనే ఆగిపోయింది. వారం ముందు ఆ విద్యార్థులకు ఒక మెయిల్ వస్తుంది, 'మీ దేశపు వంట ఒకటి వందమందికి సరిపడా తీసుకురండి' అని. హాస్టల్ గదిలో పొయ్యి పెట్టనివ్వరు. అంతస్తు మొత్తానికి ఉన్న ఒక్క ఇండక్షన్ స్టవ్ దగ్గర క్యూ. సరుకులు స్కాలర్‌షిప్ డబ్బులోంచే, పైగా మరుసటి రోజు పరీక్ష ఉన్నా కుదరదని చెప్పడానికి మొహమాటం, ఎందుకంటే వాళ్లు కాదంటే ఆ దేశం బల్ల ఖాళీగా కనిపిస్తుంది.

ఒక ఇథియోపియా అమ్మాయి ఇంజెరా చేసింది, అది మన దోసెలాంటి పుల్లటి రొట్టె. టెఫ్ అనే చిరుధాన్యం పిండి కలిపి రోజుల తరబడి పులియబెట్టాలి, అప్పుడుగానీ ఆ చిల్లులు పడవు, ఆ పులుపు రాదు. అది పెద్ద పళ్లెంలో పరిచి, మీద కూరలు వడ్డించి, చుట్టూ కూర్చుని చేత్తో తుంచుకుని తింటారు, ఇష్టమైనవాళ్లకు నోట్లో ముద్ద పెడతారు. మా నిర్వాహకులు దాన్ని చిన్న చిన్న ముక్కలుగా కత్తిరించి టూత్‌పిక్‌లు గుచ్చారు. జనం ఒక ముక్క నోట్లో వేసుకుని పక్క బల్లకు వెళ్లిపోయారు. ఆ అమ్మాయి ఆ సాయంత్రమంతా నిలబడే ఉంది, తన పళ్లెంలో ఏమీ లేదు. నాకు చాలా బాధేసింది.

ఇంకో ముఖ్యమైన విషయం, కార్డులు. వంట పేరు, దేశం పేరు రాస్తారు, అందులో ఏముందో రాయరు. కొరియా వాళ్ల కిమ్చీ చూస్తే క్యాబేజీ పచ్చడిలాగే ఉంటుంది గానీ మామూలుగా అందులో చేప సాస్‌గానీ ఉప్పు రొయ్యలుగానీ పడతాయి. జపాన్ సూప్ తేటగా కనిపించినా దాని అడుగున ఎండుచేప రసం ఉండొచ్చు. జెల్లీ స్వీట్లలో వాడే జెలటిన్ ఎక్కువగా పంది నుంచో పశువుల నుంచో వస్తుంది. శాకాహారులకు, హలాల్ పాటించేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. నువ్వులు, వేరుశనగ పడనివాళ్లకైతే ప్రాణం మీదికి వస్తుంది. యూరప్ చట్టం 14 రకాల అలర్జీ పదార్థాలను తెలియజేయాలంటుంది, అమెరికా 2023 నుంచి నువ్వుల్ని కూడా తన జాబితాలో చేర్చింది. కాలేజీ విందులో ఒక అట్టముక్క మీద అంత రాయడానికి ఏం కష్టం? అన్నం వంటలైతే మరీ జాగ్రత్త. బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉడికించినా చావవు, అవి గది వేడిలో వదిలేసిన అన్నంలో పెరిగి విషం తయారుచేస్తాయి, మళ్లీ వేడి చేసినా ఆ విషం పోదు. ప్రసంగాలు సాగుతుంటే గంటల తరబడి మూతపెట్టి ఉంచడం మానాలి. వేడివి 60 డిగ్రీల పైన ఉంచే ఏర్పాటు లేకపోతే రెండు గంటల్లోపు వడ్డించేయాలి.

కాలేజీ యాజమాన్యాలను నేను అడిగేది ఇదే. ఆ రోజుకి క్యాంటీన్ వంటగది ఆ పిల్లలకు అప్పగించండి, సహాయానికి క్యాంటీన్ వంటవాళ్లను ఉంచండి, సరుకుల డబ్బు ముందే ఇవ్వండి, బిల్లులు తెచ్చాక చూద్దాం అనకండి. వంద మందికి కాదు, ఇరవై మందికి వండించినా చాలు. వడ్డన స్థానిక విద్యార్థులు చేయాలి, వండినవాళ్లు తమ వంట ముందు కూర్చుని, పక్కన ఇద్దరిని కూర్చోబెట్టుకుని ఎలా తినాలో చూపిస్తూ తినాలి. వండడం ఇష్టం లేనివాళ్లను వదిలేయండి, వాళ్లు వచ్చింది చదువుకోవడానికి. వచ్చే విందుకి మెయిల్ పంపేముందు క్యాంటీన్ మేనేజర్‌తో ఒకసారి మాట్లాడండి.

ఇట్లు,
ఒక అధ్యాపకురాలు