అష్టాచెమ్మా సంక్రాంతి అప్‌డేట్ ఎందుకు ఆగిందంటే

మా అష్టాచెమ్మా గేమ్‌కి సంక్రాంతికి ఇస్తామన్న అప్‌డేట్ రాలేదు. కొత్త ఆట బల్ల (బోర్డు), నలుగురు కలిసి ఆడే గది రెండూ సిద్ధంగానే ఉన్నాయి. పని ఆగింది తెలుగు అక్షరాల దగ్గర.

మా గేమ్ ఇంజిన్‌లోని టెక్స్ట్ వ్యవస్థ ఒక్కో యూనికోడ్ సంకేతానికి ఒక్కో బొమ్మ పెట్టుకుంటూ పోతుంది. ఇంగ్లిష్‌కి అది చాలు. తెలుగులో వత్తు సరిగ్గా పడాలంటే ఫాంట్‌లోని నియమాలు చదివి అక్షరాలను కలిపే షేపింగ్ ఇంజిన్ కావాలి. అది లేకపోతే ‘గవ్వలు వెయ్యి’ బటన్ ‘గవ్‌వలు వెయ్‌యి’ అయిపోతుంది. ఇన్నాళ్లూ ఈ పని చేసింది ఒక బయటి కంపెనీ ప్లగిన్. ఏటా లైసెన్సు కట్టేవాళ్లం. వాళ్లు సోర్స్ ఇవ్వరు, కంపైల్ చేసిన ఎస్‌ఓ ఫైలే (మనం మార్చలేని లైబ్రరీ ఫైలు) ఇస్తారు.

ఆండ్రాయిడ్ 15ని, ఆపై వెర్షన్లని టార్గెట్ చేసే యాప్‌లలోని 64-బిట్ లైబ్రరీలు 16 కేబీ మెమరీ పేజీలకు (ఫోన్ మెమరీని పంచే ముక్కలకు) సరిపోవాలన్న ప్లే స్టోర్ నియమం 2025 నవంబర్ 1న మొదలైంది. సరిపోకపోతే అప్‌డేట్ పెట్టలేం. ఆ సంగతి ప్లగిన్ కంపెనీకి ముందే రాశాం. కొత్త వెర్షన్ నంబరుతో ఫైలు వచ్చింది. ఫైలు లోపలి అమరిక చూపించే ఆబ్జ్‌డంప్‌తో తెరిచి చూస్తే లోడ్ సెగ్మెంట్ల (మెమరీలోకి ఎక్కే భాగాల) అలైన్‌మెంట్ పాత 4096 బైట్ల (4 కేబీ) దగ్గరే ఉంది. కావాల్సింది 16384 (16 కేబీ). అడిగితే, జిప్‌అలైన్ చేసుకోండి, సరిపోతుందన్నారు. సరిపోదు. ఏపీకే (యాప్ ప్యాకేజీ) లోపల ఆ ఫైలు ఎక్కడ మొదలవ్వాలో సర్దడం వరకే జిప్‌అలైన్ పని. ఫైలు లోపలి అమరిక కంపైలైన ముక్కలను ఒక ఫైలుగా కలిపే లింకింగ్ దశలోనే ఖాయమైపోతుంది, సోర్స్ చేతిలో ఉన్నవాళ్లే మళ్లీ లింక్ చేయాలి. ఇలాంటి లైబ్రరీలు తయారు చేసే ఆండ్రాయిడ్ కిట్ ఎన్‌డీకే ఆర్28తో బిల్డ్ చేస్తే అడగకుండానే 16 కేబీకి వస్తుంది. పాతదైతే లింకర్‌కి మ్యాక్స్-పేజ్-సైజ్ ఫ్లాగ్ ఒకటి ఇవ్వాలి. ఒక్క ఫ్లాగ్! రెన్యువల్ బిల్లు మాత్రం టంచనుగా పంపారు. కట్టలేదు, కట్టం.

‘తెలుగు తీసేసి రోమన్ లిపి పెట్టండి, పండక్కి అందుతుంది’ అని సలహా ఇచ్చినవాళ్లున్నారు. మా ఆటకి ఏడాదిలో ఎక్కువ మంది వచ్చేది సంక్రాంతి వారంలోనే కాబట్టి ఆ మాట తేలిగ్గా తీసేయలేకపోయాం. రాతలన్నీ బొమ్మలుగా మార్చి పెట్టడం ఇంకో దారి. బటన్లకి అది పనికొస్తుంది. మీరు టైప్ చేసే పేర్లకి, గదిలో మాటలకి పనికిరాదు. చివరికి పండగనే వదులుకున్నాం. గవ్వల ఆటలో గవ్వలనే సరిగ్గా రాయలేకపోతే ఆ ఆట మేం అమ్మం.

ఇప్పుడు ఓపెన్ సోర్స్ షేపింగ్ ఇంజిన్ హార్ఫ్‌బజ్‌ని మేమే బిల్డ్ చేసి కలుపుతున్నాం. ఫాంట్ నోటో సాన్స్ తెలుగు. ఈ పద్ధతిలో అక్షరాల బొమ్మలను యూనికోడ్ సంకేతంతో కాక ఫాంట్‌లోని గ్లిఫ్ (అక్షర రూపం) నంబరుతో దాచుకోవాలి, కాబట్టి ఆ బొమ్మలుండే పాత టెక్స్చర్లన్నీ మళ్లీ తయారు చేయాల్సి వచ్చింది. ‘స్త్రీ’ లాంటి రెండు వత్తుల అక్షరాల అడుగు భాగం బటన్ అంచున తెగుతోంది, అందుకని బటన్ల ఎత్తు పెంచుతున్నాం. పిక్సెల్ 8 డెవలపర్ ఆప్షన్లలో 16 కేబీ మోడ్ పెట్టి పరీక్షిస్తున్నాం. ఇది పూర్తయ్యేదాకా తేదీ చెప్పం, ఉగాది అని కూడా అనం.

ఇప్పుడు మీ ఫోన్‌లో ఉన్న వెర్షన్ మామూలుగానే నడుస్తుంది. దాన్ని అన్‌ఇన్‌స్టాల్ మాత్రం చేయొద్దు, సగంలో ఆపిన ఆటలు ఫోన్‌లోనే ఉంటాయి, అవి పోతాయి. ప్రకటనలు తీసేయడానికి కట్టిన డబ్బు ప్లే ఖాతాకి ముడిపడి ఉంది కాబట్టి దానికేం కాదు. ఫోన్ మారిస్తే సెట్టింగ్స్‌లో ‘కొన్నవి తిరిగి తెచ్చుకో’ నొక్కండి. సంక్రాంతి బల్లకి ముందే డబ్బు కట్టినవాళ్లు ఆర్డర్ నంబరు పంపితే మొత్తం వెనక్కి ఇస్తాం, బల్ల వచ్చినప్పుడు అది కూడా ఇస్తాం. అప్‌డేట్ వచ్చాక ఎక్కడైనా వత్తు విడిపోతే స్క్రీన్‌షాట్, ఫోన్ మోడల్, ఆండ్రాయిడ్ వెర్షన్ మూడూ కలిపి పంపండి. ఆ మాటని స్క్రీన్‌షాట్‌తో పాటు టైప్ చేసి కూడా పెట్టండి, ఏ సంకేతాల వరుస దగ్గర తప్పుతోందో అప్పుడే తెలుస్తుంది.